ఫోన్ డబ్బా మీద ఆ 1.6 అసలు ఎక్కడ్నుంచి వచ్చింది?

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మొత్తం 20 ఫ్లాట్లు. మొన్నామధ్య ఒక టవర్ కంపెనీ వాళ్ళొచ్చి మీ టెర్రస్ మీద యాంటెన్నాలు పెట్టుకుంటాం, నెలనెలా అద్దె ఇస్తాం అన్నారు. అంతే, ఆ రోజు నుంచి మా వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు ఆగిపోయి యుద్ధం మొదలైంది. సెకండ్ ఫ్లోర్ ఆంటీ గారైతే "పిల్లలున్న బిల్డింగండీ, నెత్తి మీద రేడియేషన్ పెట్టుకుంటామేటి" అని వరసగా ఆరు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. ఆవిడ ఫోన్ రాత్రంతా తలగడ కిందే ఉంటుంది, అలారం వినబడాలని. ఈ సంగతి ఆవిడే చెప్పారు, అదే గ్రూపులో, పోయిన ఏడాది.

ఆవిణ్ణి ఎగతాళి చెయ్యడానికి రాయట్లేదు ఇది, నాకూ ఆ రోజు వరకూ సరిగ్గా తెలీదు. మా అత్తగారికి కొత్త ఫోన్ కొన్నాం, డబ్బా మీద వెనకాల చిన్నక్షరాల్లో సార్ అని ఒక నంబర్ ఉంది. "ఏ సారు?" అని అడిగారావిడ. సార్ అంటే మాస్టారు కాదత్తయ్యా, స్పెసిఫిక్ అబ్జార్ప్షన్ రేట్, అంటే ఫోన్ నుంచి వచ్చే రేడియో తరంగాల ఎనర్జీ మన ఒంట్లో ఎంత ఇంకుతుందో ఆ లెక్క, కిలో కండకి ఇన్ని వాట్లు అని చెప్తారు, మన దేశంలో ఏ ఫోన్‌కీ అది 1.6 దాటకూడదు అన్నాను. డయలర్ తీసి *#07# కొడితే చాలా ఫోన్లలో ఆ నంబర్ స్క్రీన్ మీదకే వచ్చేస్తుంది. ఆవిడ ఫోన్‌లో వచ్చింది, నా ఫోన్‌లో కూడా కొట్టి చూశాం, ఆవిడది నా దానికన్నా కాస్త తక్కువ. "అయితే నాదే మంచిది" అని తేల్చేశారు. అలా తేల్చడం ఎందుకు తప్పో చెప్పబోయి నేనే ఇరుక్కుపోయాను, చదవడం మొదలెడితే వారం పట్టింది.

ముందు ఆ రేడియేషన్ అనే మాట దగ్గరే పెద్ద గందరగోళం ఉంది. మనూళ్ళో కేజీహెచ్‌కో అగనంపూడి కేన్సర్ ఆసుపత్రికో వెళ్ళొచ్చిన వాళ్ళు "రేడియేషన్ పెట్టారు" అంటారు, జుట్టు ఊడటం, చర్మం కమిలిపోవడం అన్నీ ఆ మాటతో పాటే గుర్తొస్తాయి. ఫోన్‌దీ రేడియేషనే, టార్చిలైట్ వెలుగూ రేడియేషనే, పేరొక్కటే గానీ జాతి వేరు. ఎక్స్‌రే, గామా కిరణాల్లో ఒక్కో కణం (ఒంట్లో ఉండే కణం కాదు, ఫోటాన్ అంటారే, ఆ ఎనర్జీ పొట్లం) దగ్గర డీఎన్‌ఏ బంధాన్ని తెంపేంత బలం ఉంటుంది. రేడియో తరంగాల్లో ఒక్కో కణానికి ఉండే ఎనర్జీ మామూలు వెలుగు కణంలో లక్షో వంతు కూడా ఉండదు. చెట్టు మీద మామిడికాయ పడాలంటే రాయి విసరాలి, దూది ఉండలు లక్ష విసిరినా కాయ రాలదు, అలాంటిదన్నమాట. అయితే దూదిలో కూడా బరువుంది కదా, ఊరికే పోదు, రేడియో తరంగాలు ఒంట్లో నీటిని ఊపి కాస్త వేడి పుట్టిస్తాయి, మైక్రోవేవ్ అవెన్ చేసేదీ అదే, కాకపోతే దాని పవర్ 700 వాట్లో 1000 వాట్లో, పైగా ఇనప డబ్బాలో మూసి పెడతారు, మీ 4జీ ఫోన్ పూర్తి గొంతుతో అరిచినా 0.2 వాట్లే.

కాబట్టి లిమిట్లు పెట్టినోళ్ళు అడిగిన ప్రశ్న కేన్సర్ ఎప్పుడొస్తుంది అని కాదు, ఎంత వేడికి ఒళ్ళు ఇబ్బంది పడటం మొదలెడుతుంది అని. ఈ ముక్క తెలిస్తే మిగతా సగం చిక్కు విడిపోతుంది, తెలియకపోతే 1.6 దాటితే కేన్సర్, దాటకపోతే క్షేమం అనుకుంటూ ఉండిపోతాం.

ఆ వేడి లెక్క ఎలా కట్టారో చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. ఎలకలకీ కోతులకీ మీట నొక్కితే తిండి వస్తుందని నేర్పించి, వాటి మీద రేడియో తరంగాలు వదిలారు. ఒంటి మొత్తం సగటున కిలోకి సుమారు 4 వాట్లు ఇంకేసరికి వాటి ఒళ్ళు ఒక డిగ్రీ దాకా వేడెక్కి, ఇక నా వల్ల కాదు బాబూ అన్నట్టు మీట నొక్కడం తగ్గించేశాయి, మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే మనం పని మానేసి కూర్చోమూ, అదే. అక్కడ గీత గీశారు, 4 దగ్గర. ఈ రంగంలో పనిచేసేవాళ్ళకి దాన్ని పదితో భాగించి 0.4 ఇచ్చారు. మామూలు జనంలో పసిపిల్లలు, ముసలివాళ్ళు, జ్వరంతో ఉన్నవాళ్ళు, గర్భిణులు అందరూ ఉంటారని ఇంకో ఐదుతో భాగించి 0.08 అన్నారు. అంటే కోతికి చిరాకు పుట్టిన చోటి నుంచి 50 రెట్లు కిందన్నమాట. 60 కిలోల మనిషికి కిలోకి 0.08 చొప్పున వేస్తే ఒళ్ళంతటికీ కలిపి 5 వాట్లు కూడా కాదు, మా వరండాలో రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ బల్బంత. ఊరికే కూర్చుంటేనే మన ఒళ్ళు కిలోకి ఒక వాటుకి అటూఇటూగా వేడి పుట్టిస్తుంది, మెట్లెక్కితే ఇంకా ఎక్కువ.

మరి 0.08కీ 1.6కీ ఏంటి సంబంధం అంటే, ఫోన్ ఒళ్ళంతా పరుచుకోదు కదా, చెవి దగ్గర ఒక్కచోటే తగులుతుంది. అమెరికా వాళ్ళు వాడిన లెక్క ప్రకారం ఒంటి సగటుకన్నా ఒక చిన్న ముక్కలో 20 రెట్లు వరకూ ఉండొచ్చు, 0.08ని 20తో గుణించండి, 1.6. అంతే, అదీ దాని జన్మరహస్యం. 1996లో ఎఫ్‌సీసీ అనే అమెరికా ప్రభుత్వ టెలికాం సంస్థ ఈ నంబర్‌ని రూల్‌గా పెట్టింది, ఒక గ్రాము కండ మీద సగటు తీసి చూడాలి అంది. ఐరోపా దేశాలు ఇక్నిర్ప్ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం చెప్పిన దారిలో వెళ్ళాయి, అక్కడ లిమిట్ 2, కానీ పది గ్రాముల మీద సగటు.

ఇక్కడ చాలామంది 1.6కీ 2కీ తేడా ఎంతలే అనుకుంటారు, అసలు తేడా ఆ గ్రాముల్లో ఉంది. పులిహోరలో ఎండుమిరపకాయ ఉన్న ఒక్క ముద్ద తీసి కారం చూస్తే ఒకలాగుంటుంది, ప్లేటంతా కలిపి సగటు కారం ఎంత అంటే ఇంకోలాగుంటుంది కదా. ఒక గ్రాము అంటే మిరపకాయ ముద్ద, ఎక్కడ ఎక్కువ తగిలిందో అక్కడే పట్టుకుంటుంది. పది గ్రాములంటే చుట్టుపక్కలది కూడా కలిసి పలచబడిపోతుంది. అందుకే అంకెల్లో కనిపించేదానికన్నా 1.6 రూల్ బాగా గట్టిది. మన దేశం ముందు ఐరోపా పద్ధతిలోనే ఉండి, 2012 సెప్టెంబర్ 1 నుంచి అమెరికా పద్ధతికి మారింది, ఒక గ్రాముకి 1.6. పాత స్టాకు అమ్ముకోడానికి ఒక ఏడాది టైమిచ్చారు. మన మాట ఎలా ఉన్నా ఫోన్ల విషయంలో మనది కఠినమైన రూలే.

ఇప్పుడు మా అత్తగారి తీర్పుకి వద్దాం, నంబర్ తక్కువున్న ఫోన్ మంచిదా. ఆ నంబర్ ఎలా కొలుస్తారో తెలిస్తే మీకే అర్థమైపోతుంది. ల్యాబ్‌లో సామ్ అని ఒక బొమ్మ తలకాయ ఉంటుంది, ప్లాస్టిక్ పెంకు, దాని కొలతలు అమెరికా సైన్యంలో పెద్ద తలకాయలున్న మగాళ్ళ కొలతలు చూసి చేసినవి. అందులో మెదడు లాగా ప్రవర్తించే ద్రవం పోస్తారు, పాత రెసిపీల్లో ముఖ్యంగా ఉండేది నీళ్ళు, పంచదార, ఉప్పు, నిజంగా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌కి అన్నయ్య లాంటిది. బొమ్మ చెంపకి ఫోన్ ఆనించి, ఫోన్‌ని బలవంతంగా ఫుల్ పవర్‌లో పెట్టి, రోబో చెయ్యి ఒక సూది లాంటి ప్రోబ్‌ని ఆ ద్రవంలో మిల్లీమీటర్ల లెక్కన జరుపుతూ ఎక్కడెంత ఉందో కొలుస్తుంది. కుడి చెంప, ఎడమ చెంప, కాస్త వంచి, ఫోన్ వాడే ప్రతి ఫ్రీక్వెన్సీ బ్యాండులో, ఇలా బోలెడు కొలతలు తీసి అన్నిట్లోకీ పెద్ద అంకెని మాత్రమే డబ్బా మీద అచ్చేస్తారు.

అంటే డబ్బా మీదున్నది మీరు రోజూ తీసుకునే డోసు కాదు, ఫోన్ ఎంత ఘోరంగా అరవగలదో ఆ ఒక్క అరుపు. 0.9 ఉన్న ఫోన్ ఒక్క గీత సిగ్నల్ ఉన్న చోట వాడితే, 1.3 ఉన్న ఫోన్ సిగ్నల్ బాగున్న చోట వాడితే, మొదటిదే మీకు చాలా ఎక్కువ ఇస్తుంది. కొందరు మొబైల్ షాపుల వాళ్ళు ఈ అంకె చూపించి "ఇది లో రేడియేషన్ మోడల్ సార్" అని అమ్ముతుంటారు, నవ్వొస్తుంది.

టెస్టులో లోపాలే లేవా అంటే ఉన్నాయి, దాచాల్సిన పనేమీ లేదు. పిల్లల తల చిన్నది, పుర్రె పలచన, కొన్నిచోట్ల ఎక్కువ ఇంకుతుందని కంప్యూటర్ మోడళ్ళలో తేలింది. ఆ 50 రెట్ల మార్జిన్ దాన్ని కూడా మింగేస్తుంది అని లిమిట్ పెట్టినోళ్ళు అంటారు. ఇంకోటి జేబు సంగతి. ఒంటి మీద పెట్టుకునే టెస్టు ఫోన్‌ని ఒంటికి ఆనించి కాదు, కొన్ని మిల్లీమీటర్లు ఎడంగా పెట్టి చేసుకోవచ్చు, కంపెనీ మాన్యువల్‌లో ఆ మాట ఎక్కడో లోపల రాసేస్తుంది, ఎవరు చదువుతారండి. ఫ్రాన్స్‌లో ఈ సంగతే పెద్ద గొడవైంది. 2023 సెప్టెంబర్ 12న అక్కడి ఏఎన్‌ఎఫ్ఆర్ అనే ఫ్రీక్వెన్సీల సంస్థ ఐఫోన్ 12 అమ్మకాలు ఆపమంది, చేతిలో పట్టుకున్నట్టు ఎడం లేకుండా ఆనించి కొలిస్తే కిలోకి 5.74 వాట్లు వచ్చింది, కాళ్ళూ చేతులకి అక్కడ లిమిట్ 4. ఆపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చి సర్దేసింది. అప్పుడు మన టీవీల్లో ఐఫోన్ పేలిపోతుందన్నంత హడావుడి చేశారు గానీ, కాళ్ళూ చేతుల విషయంలో ఇబ్బంది మొదలయ్యే అంచనా కిలోకి 40 వాట్లు, 5.74 దానికి ఇంకా ఏడో వంతే. రూల్ తప్పారు, ఆపారు, సరైన పనే, కానీ రూల్ తప్పడం వేరు, ఒంటికి దెబ్బ తగలడం వేరు.

అన్నట్టు ఈ 6 నిమిషాల పుకారు మీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది, "రోజుకి 6 నిమిషాలకి మించి ఫోన్ మాట్లాడకూడదు, 1.6 అనేది 6 నిమిషాలకే" అని. అది ఎక్కడ్నుంచి పుట్టిందంటే, ఇక్నిర్ప్ రూల్స్‌లో ఒక్కచోట తగిలే వేడికి సగటు తీసే టైము 6 నిమిషాలు. అంటే ఏ 6 నిమిషాల ముక్క తీసుకున్నా సగటు లిమిట్ దాటకూడదని, ఏడో నిమిషంలో ఏదో అయిపోతుందని కాదు. కండలో వేడి పెరిగి పెరిగి రక్తం దాన్ని లాక్కుపోవడంతో ఒకచోట నిలకడగా ఆగిపోవడానికి సుమారుగా అంత టైము పడుతుంది, అందుకని ఆ అంకె. గంట మాట్లాడినా అదే నిలకడ. ఫోన్ల వల్ల మెదడులో పెరిగే వేడి 0.1, మహా అయితే 0.2 డిగ్రీలు. చెవి కాలిపోతుంది అనిపిస్తుందే, అది ఎక్కువగా బ్యాటరీ వేడి, ప్రాసెసర్ వేడి, ఇంకా గాలాడకుండా గాజు పలకని చెవికి నొక్కి పెట్టడం.

ఇప్పుడు అసలు విషయం, టవర్ కావాలా వద్దా అన్న మా గొడవకి తాళంచెవి ఇక్కడే ఉంది. ఫోన్‌కి ఒక బుద్ధుంది, టవర్ దగ్గరుంటే గుసగుసగా మాట్లాడుతుంది, దూరముంటే అరుస్తుంది. బ్యాటరీ ఆదా కోసం, పక్క ఫోన్లకి అడ్డు రాకుండా ఉండటం కోసం టవరే దానికి క్షణక్షణం చెప్తుంటుంది, తగ్గించు, ఇంకా తగ్గించు, చాలు అని. సిగ్నల్ నిండుగా ఉన్నప్పుడు ఫుల్ పవర్‌లో వందో వంతు, ఇంకా తక్కువకి కూడా దిగిపోతుంది. పాత 2జీ ఫోన్లు ఇంకా మొరటువి, ఒక్కో విడతకి 2 వాట్ల దాకా కొట్టేవి, ఎనిమిది వంతుల్లో ఒక వంతు టైమే కాబట్టి సగటు పావు వాటు.

దీన్ని కళ్ళారా చూడాలంటే అరకు రైలెక్కండి. పోయిన డిసెంబర్‌లో వెళ్ళాం, కిరండూల్ వైపు వెళ్ళే బండి, శృంగవరపుకోట దాటిందాకా బాగానే ఉంది, ఘాటీ మొదలయ్యాక ఒక గీత సిగ్నల్, సొరంగం, మళ్ళీ ఒక గీత, మళ్ళీ సొరంగం. మా పెద్దోడు ఆ ఒక్క గీత మీదే లోయల వీడియోలు అప్‌లోడ్ చేస్తానని పట్టుబట్టాడు. బొర్రా వచ్చేసరికి ఫోన్ వెనకభాగం ఇడ్లీ పాత్ర మూతలా కాలిపోతోంది, బ్యాటరీ 80 నుంచి 30కి దిగిపోయింది. రైలు పెట్టె ఇనుము, సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, టవరేమో కొండకి అవతల, ఫోన్ పాపం గొంతు చించుకుని అరుస్తోంది. ఒక చిన్న సంగతి, సిగ్నల్ అసలే లేనప్పుడు ఫోన్ పెద్దగా అరవదు, వెతుకుతూ వింటూ ఉంటుంది అంతే. కొనప్రాణం మీదుండే ఆ ఒక్క గీత ఉన్నప్పుడే అరుపులన్నీ.

హుద్‌హుద్ తుఫాను గుర్తున్నవాళ్ళకి ఇంకో రకంగా గుర్తుంటుంది. 2014 అక్టోబర్ 12 తర్వాత ఊరంతా చీకటి, టవర్లు పడిపోయాయి, నిలబడ్డవాటికి కరెంటు లేదు. జనం ఫోన్లు పైకెత్తుకుని మేడలెక్కి తిరిగేవాళ్ళు, ఎక్కడో ఒక గీత దొరికితే అక్కడే గుంపుగా నిలబడి ఇంటికి ఒక్క మాట చెప్పి ఏడ్చేవాళ్ళు. అప్పుడు టవర్ వద్దన్నవాడు ఒక్కడూ లేడు. సరే, అది వేరే బాధ.

మరి టవర్ నుంచి వచ్చేది ఎంత? దానికి సార్ కొలవరు, చదరపు మీటరుకి ఎన్ని వాట్లు పడుతోంది అని చూస్తారు, వానని గజం నేలకి ఇంత అని కొలిచినట్టు. ఇక్నిర్ప్ లిమిట్ 900 మెగాహెర్ట్జ్ దగ్గర 4.5 వాట్లు, 1800 దగ్గర 9, రెండు గిగాహెర్ట్జ్ దాటితే 10. మన ప్రభుత్వం అదే 2012 సెప్టెంబర్ 1న వీటిని పదో వంతుకి కోసేసింది, 0.45, 0.9, 1. ఒక యాంటెన్నా ఒక దిక్కుకి గురిపెట్టి ఆ దిక్కున 1000 వాట్ల బలంతో సమానంగా కొడుతోంది అనుకోండి, 50 మీటర్ల దూరంలో సరిగ్గా దాని ఎదురుగా నిలబడితే చదరపు మీటరుకి 0.03 వాట్లు వస్తుంది. కాగితం మీద నేనే వేశాను, 1000ని ఆ దూరపు గోళం వైశాల్యంతో భాగించడమే. ఆ కఠినమైన 0.45లో ఇది పద్నాలుగో వంతు. నాలుగు కంపెనీలు నాలుగేసి బ్యాండులు పెడితే కూడిక పెరుగుతుంది, అందుకే ఎన్ని యాంటెన్నాలుంటే ఎదుటి మేడ అంత దూరం ఉండాలని లెక్క పెట్టారు, ఒక్క యాంటెన్నాకి 20 మీటర్లు, పెరిగేకొద్దీ ఆ దూరమూ పెరుగుతుంది.

ఇంకో తమాషా ఏంటంటే యాంటెన్నా కింద ఉన్న మనకన్నా ఎదురు బిల్డింగ్ నాలుగో అంతస్తువాళ్ళకే ఎక్కువ తగిలేది. యాంటెన్నా డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్‌లా దూరానికి చూస్తుంది, కాళ్ళ కింద చీకటే. దీపం కింద చీకటి అని ఊరికే అన్లేదు. ఈ ముక్క గ్రూపులో రాశాను, సెకండ్ ఫ్లోర్ ఆంటీ శాంతించారు గానీ ఎదురు బిల్డింగ్‌లో ఉండే ఆవిడ తోటికోడలు ఫోన్ చేసిందంట.

అద్దె మీద ఆశతో టవర్‌ని వెనకేసుకొస్తున్నాను అని మా కార్పెంటర్ కూడా అన్నాడు, అందుకని అవతలి పక్క వాదన కూడా చెప్పేస్తాను. 2011 మే 31న ఫ్రాన్స్‌లో లియోన్‌లో ఉండే ఐఏఆర్‌సీ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం, రేడియో తరంగాల్ని 2బీ గుంపులో పెట్టింది, కేన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చేమో అనే గుంపు. పేపర్లలో "ఫోన్‌తో కేన్సర్" అని వచ్చేసింది. ఆ గుంపులో కలబంద ఆకు మొత్తం తీసిన సారం కూడా ఉంది, తూర్పు ఆసియా వాళ్ళ ఊరబెట్టిన కూరగాయలూ ఉన్నాయి (మన ఆవకాయ కాదులెండి, కంగారు పడకండి). గుంపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదని, ప్రమాదం ఎంత పెద్దదని కాదు. ఆ నిర్ణయానికి ముఖ్యమైన కారణం ఇంటర్‌ఫోన్ అనే 13 దేశాల స్టడీ, 2010లో వచ్చింది. మొత్తం మీద తేడా లేదు గానీ, జీవితంలో 1640 గంటలకి మించి మాట్లాడామని చెప్పిన పది శాతం మందిలో గ్లయోమా అనే మెదడు కంతి 40 శాతం ఎక్కువ కనబడింది. అదే స్టడీలో మామూలుగా వాడేవాళ్ళకి అసలు వాడనివాళ్ళకన్నా తక్కువ కనబడింది, అంటే ఫోన్ కాపాడుతుందా? కాదు కదా, జబ్బు పడ్డవాళ్ళు పదేళ్ళ కిందటి కాల్స్ గుర్తు చేసుకుని చెప్పడంలో వచ్చే తేడాలు అవి, స్టడీ చేసినవాళ్ళే ఆ మాట రాసుకున్నారు.

ఎలకల స్టడీ ఒకటుంది, ఎన్‌టీపీ అనే అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్ళది, 2018లో తుది రిపోర్టు. ఇది నాకు కొంచెం కలవరం పెట్టిన మాట నిజం. మగ ఎలకల గుండెలో ఒక అరుదైన కంతికి స్పష్టమైన సాక్ష్యం ఉందన్నారు. వాటికి ఒళ్ళంతా, రోజుకి 9 గంటలు, రెండేళ్ళపాటు, కిలోకి 6 వాట్ల దాకా ఇచ్చారు, మన ఒంటి మొత్తం లిమిట్‌కి 75 రెట్లు. ఆడ ఎలకల్లో ఆ స్పష్టత లేదు. తరంగాలు తగిలిన మగ ఎలకలు తగలనివాటికన్నా ఎక్కువ కాలం బతికాయి, వాటికి కిడ్నీ జబ్బు తగ్గడం వల్ల కావొచ్చని స్టడీ వాళ్ళు అన్నారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పురమాయించిన పెద్ద సమీక్ష 2024లో వచ్చింది, మనుషుల మీద చేసిన 63 స్టడీలు కలిపి చూసి, ఫోన్ వాడకానికీ మెదడు కేన్సర్‌కీ లింకు కనబడలేదు, పదేళ్ళు దాటి వాడినవాళ్ళలో కూడా అని తేల్చారు. ఈ ముప్పై ఏళ్ళలో ఫోన్లు ఎన్ని రెట్లు పెరిగాయో చూశాం, కేన్సర్ లెక్కలు పక్కాగా రాసే దేశాల్లో మెదడు కంతులు ఆ దారిన పెరగలేదు. నాకు ఎలకల స్టడీకన్నా ఇదే పెద్ద సాక్ష్యం.

అయితే లిమిట్ పెట్టిన సంస్థలు దైవాంశ సంభూతులేం కాదు. 2021 ఆగస్టులో అమెరికాలో అప్పీల్ కోర్టు ఎఫ్‌సీసీని బాగానే కడిగింది, 1996 నాటి రూల్స్‌ని మార్చక్కర్లేదని ఎలా తేల్చారో, పిల్లల సంగతి, ఏళ్ళ తరబడి వాడకం సంగతి చూశారో లేదో సరిగ్గా వివరించలేదు పొండి అంది. రూల్ తప్పని అనలేదు, కారణం చెప్పమంది. అది న్యాయమైన ప్రశ్నే.

5జీ గురించి ఒక్క ముక్క. మన దగ్గర 2022 అక్టోబర్ 1న మొదలైంది, ఎక్కువగా నడిచేది 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల, మీ ఇంట్లో వైఫై 2.4లోనూ 5లోనూ ఎప్పట్నుంచో తిరుగుతోంది, దాని మధ్యదే ఇది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ లోపలికి దూరేది తగ్గుతుంది, చర్మం దగ్గరే ఆగిపోతుంది, అందుకే 6 గిగాహెర్ట్జ్ దాటాక ఇక్నిర్ప్ కిలో లెక్క మానేసి చర్మం మీద చదరపు సెంటీమీటర్ల లెక్కకి మారింది.

జగదాంబ దగ్గర ఒక షాపులో ఫోన్ వెనక అంటించే బంగారు రంగు స్టిక్కర్ ఒకటి కొన్నాను ఒకప్పుడు, యాంటీ రేడియేషన్ చిప్ అంట, 250 రూపాయలు. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది. అది ఏ పనీ చెయ్యకపోతే 250 దండగ, నిజంగానే పనిచేసి యాంటెన్నాకి అడ్డొస్తే ఇంకా దండగ, ఎందుకంటే సిగ్నల్ తగ్గిందనుకుని ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తుంది.

నేను మార్చుకున్నవి రెండే. రాత్రి ఫోన్ తలగడ దగ్గర్నుంచి బల్ల మీదకి పోయింది, దూరం రెండింతలైతే తగిలేది సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి ఒక చెయ్యి దూరం చాలా పెద్ద దూరమే. మా లోపలి బెడ్‌రూమ్‌లో ఒక్క గీతే వస్తుంది, అక్కడ కాల్ వస్తే బాల్కనీలోకి వచ్చేస్తాను, లేకపోతే ఇయర్‌ఫోన్. భయంతో కాదు, ఖర్చు లేని పని కాబట్టి. మా అత్తగారికి స్పీకర్ పెట్టుకోమని నేర్పాను, ఇప్పుడు భీమిలి చుట్టాల సంబంధాల వివరాలు మూడో అంతస్తు దాకా వినబడుతున్నాయి.

పోయిన ఆదివారం టెర్రస్ మీద మీటింగ్ పెట్టుకున్నాం. నేను తరంగ్ సంచార్ సంగతి చెప్పాను, 2017లో కేంద్రం పెట్టిన పోర్టల్, మన చుట్టుపక్కల ఏ టవర్ రూల్ ప్రకారం ఉందో అందులో చూడొచ్చు, 4000 రూపాయలు కడితే మన ఇంటి దగ్గరకే వచ్చి మీటర్ పెట్టి కొలిచి చెప్తారు. ఎదురు వీధిలో ఇప్పటికే ఉన్న టవర్‌ది ముందు కొలిపిద్దాం, అంకె చూసి మాట్లాడుకుందాం అన్నాను. అందరికీ నచ్చింది, సెకండ్ ఫ్లోర్ ఆంటీతో సహా. 20 ఫ్లాట్లు, తలా 200. అక్కడ ఆగిపోయింది. అద్దెకుండేవాళ్ళ 200 ఓనర్ కట్టాలా, ఉంటున్నవాళ్ళు కట్టాలా అని రెండు గంటలు వాదించుకుని, దోమలు కుడుతుంటే లేచి కిందకి దిగిపోయాం.